ఫోన్ పోని నలభై మూడు పేర్లు

కోదాడ,
డిసెంబర్ 3, బుధవారం.

చెల్లె కృపకు,

అక్క దీవెనలు. ఇక్కడ నేను, మీ బావ మంచిగున్నం. నువ్వక్కడ వేళకు తిని, వేళకు పండుకొని, పరీక్షలు మంచిగ రాసినవని అనుకుంటున్న. ప్రతిసారి రాసే "అందరం క్షేమం" అన్న మాట ఈసారి రాయలే. నీ కండ్లు దాన్ని ముందే పట్టుకుంటయని నాకెరుకే. చిన్నప్పటి సంది నువ్వు ఉత్తరంల ఉన్నది తక్కువ, లేనిది ఎక్కువ సదువుతవ్. అమ్మ సంగతి రాస్త, దాచిపెట్ట. కాకపోతే నువ్వడిగిన వరుసల కాదు, నాకు చెప్పొచ్చిన వరుసల చెప్త. నడుమల కాగితం మడిచి ఏడ్వకు. నిన్న పొద్దున అమ్మ నా ఇంట్ల కూసొని రెండు ఇడ్లీలు తిని మూడోది అడిగింది. ముందుగాల ఈ ఒక్క ముక్క మనసుల పెట్టుకొని చివరిదాక సదువు.

సంచిల మురుకులున్నయి. సగం నీయి, సగం నీ రూముల ఉండే సరితయి. పోయినసారి పిల్లకు నాలుగే ఇచ్చినవట, మీ బావకు గేటు కాడనే చెప్పింది. ఊదా రంగు స్వెటర్ గూడ పెట్టిన. అందరి ఫోన్లు తీసుకొని బీరువాల పెట్టే కాలేజీల నిన్ను ఏసి మంచి పనే చేసినం అనిపిస్తది ఒకొక్కసారి. నీ చేతిరాత చూడబుద్ధయితది. ఆదివారం హాస్టల్ మేడం ఫోన్ల రెండు నిమిషాలు మాట్లాడితే ఏముంటది, ఎనుక పదిమంది లైన్ల నిలబడి "అయిపోయిందా" అంటుంటరు. పోయిన ఉత్తరాన్ని మీ బావ టికెట్ల సంచిల పెట్టుకొని మర్చిపోయి, సూర్యాపేటల బస్సెక్కినోడు మునగాల దాటినంక ఎవరో చిల్లర అడిగితే తీసిండట. కండక్టర్‌కు ఉత్తరం అప్పజెప్పితే గిట్లనే ఉంటది. మూల మీద ఎవరిదో వేలి ముద్ర కూడ పడ్డది.

అందుల నువ్వు రెండు అడిగినవ్.

మొదటిది నీ సదువుది. హాస్టల్ పిల్లలందరి పేర్లు ఒక టేబుల్, లైబ్రరీల పుస్తకం తీసుకున్న వివరాలు ఇంకో టేబుల్. పుస్తకం తీసుకోనోళ్ల పేర్లు కూడ రావాలని రెండిటిని కలిపే లెఫ్ట్ జాయిన్ పెట్టినవ్, మంచిగనే వచ్చినయ్. తర్వాత "అక్టోబర్ నెల" అని వేర్‌ల షరతు పెట్టంగనే పుస్తకం తీసుకోని పిల్లలందరు మాయమైండ్రు. క్లాసుల అనురాధ మేడంను అడిగితే నవ్వి, నువ్వే ఆలోచించుకొని రా అన్నది. "అక్కా, నువ్వు రోజూ చేసే పనే గద, ఎందుకో చెప్పు" అని రాసినవ్.

రెండోది, ఆదివారం ఫోన్ల అమ్మ గొంతు బొంగురుగ వినొచ్చింది, మాట మాటకు ముందు దగ్గుతుంది, నిజంగ ఛాతీ పరీక్ష అయిందా అని. ఇదే సంగతి దసరా సెలవులు అయిపోయినంక కూడ ఒకసారి అడిగినవ్. "రావాల్సినోళ్ల లిస్టుల అమ్మ పేరు లేదు, అంటే పరీక్ష అయినట్టే, నువ్వు పరేషాన్ కాకు" అని అప్పుడు నేను జవాబు రాసిన. ఆ ఉత్తరం నీ దగ్గర ఉంటే చింపెయ్. లేదు, ఉంచు. ఉంచుకో.

నీ మొదటి ప్రశ్న సదివి నవ్విన కృపా. నిజం చెప్త, నాకు జర తలకెక్కింది కూడ. ఇంటర్ ఒకసారి తప్పి మళ్ల రాసినదాన్ని, కోదాడ బస్టాండ్ ఎనుక ఆరు నెలలు కంప్యూటర్ నేర్చుకున్నదాన్ని, డిగ్రీ సదివే చెల్లె నన్ను అడుగుతుందంటే ఎక్కదా మరి? ట్రస్టుల చేరినప్పుడు నాకు కంప్యూటర్‌ల పేర్లు ఎతికే ఎస్క్యూఎల్ అంటే ఏందో తెల్వదు. నాకంటే ముందు కంప్యూటర్ పని చూసిన పిల్ల రాసిపెట్టిపోయిన వాటిని చూసి, కొద్దికొద్దిగ మార్చి, నేర్చుకున్న. ఇప్పుడు ఆఫీసుల నన్ను కంప్యూటర్ మేడం అంటరు. అందుకే "లెఫ్ట్ జాయిన్ పెడితే ఎవ్వరూ పోరు, నువ్వే ఎక్కడో తప్పు కొట్టినవ్, కండ్లు పెట్టి చూసుకో" అని జవాబు రాసి పెట్టిన. దాని కింద నమూనాకు నేను ఆఫీసుల వాడేది ఒకటి దించి పంపుదామనుకున్న. నవంబర్ పదిహేడు, సోమవారం పోయి దాన్నే తెరిచిన.

మా ట్రస్టు పని నీకు సగమే తెలుసు, పూర్తిగ చెప్తేనే తర్వాతది అర్థమైతది. మిర్యాలగూడల, కోదాడల రైస్ మిల్లులల్ల పనిచేసేటోళ్ల పేర్లన్ని ఒక రిజిస్టర్‌ల ఉంటయి. తవుడు దుమ్ము, ఊక దుమ్ము రోజంత పీలుస్తరు గద, ఆరు నెలలకొకసారి క్యాంపు పెట్టి ఛాతీ ఎక్స్‌రే తీస్తరు, దగ్గు ఉన్నోళ్లను దవాఖానకు తోలుతరు. ఎవరెప్పుడు వచ్చిండ్రో అది ఇంకో టేబుల్. క్యాంపు అయిపోయినంక రెండిటిని కలిపి నేను లిస్టు తీస్త. పేరు పక్కన గడి ఖాళీగ ఉంటే ఆ మనిషి రాలేదన్నట్టు. గౌరీబాయి అక్క, మా దగ్గర ఊర్లు తిరిగేటామె, ఖాళీ ఉన్నోళ్లకు ఒక్కొక్కరికి ఫోన్ చేసి పిలుస్తది. ఇది మిల్లులల్ల అందరికీ ఎరుకే. రాకపోతే ట్రస్టోళ్లే ఫోన్ చేస్తరు లే అనుకుంటరు.

నాలుగో రౌండు క్యాంపు అక్టోబర్‌ల అయింది. నేను తీసిన మిర్యాలగూడ లిస్టుల తొమ్మిది ఖాళీలు. గౌరీబాయి తొమ్మిది మందికి చేసింది, తొమ్మిది మందీ వచ్చిండ్రు. మా ఆఫీసు సారు మెచ్చుకొని మిఠాయి తెప్పిస్తే రెండు ముక్కలు తిన్న.

నీ ప్రశ్న మనసుల ఉండబట్టి ఆ రోజు ఒక పని చేసిన. ఎన్నడూ చేయని పని. రిజిస్టర్‌ల మిర్యాలగూడోళ్లు, ఇప్పుడు పనిల ఉన్నోళ్లు ఎంతమంది అని అడిగిన. ఆరువందల పన్నెండు అన్నది. నా లిస్టుల ఎన్ని పేర్లున్నయని లెక్కపెట్టిన. ఐదువందల అరవై తొమ్మిది. రెండుసార్లు పెట్టిన. నేను కూడ లెఫ్ట్ జాయిన్ పెట్టిన, నేను కూడ "నాలుగో రౌండు" అని వేర్‌లనే పెట్టిన. నువ్వేం తప్పు కొట్టినవో నేను సరిగ్గ అదే కొడుతున్న, రెండు రౌండ్ల సంది.

ఎందుకు పోతరో ఇప్పుడు చెప్త విను. అమ్మ సాయంత్రం ప్రార్థన ఎట్ల చేస్తదో యాది చేసుకో. ముందుగాల బిడ్డలవి, అల్లునిది పేర్లు. రాణి, మహేందర్, కృప. ఆ తర్వాత ఎవరి కబురు ఉంటే వాళ్లది చెప్పుకుంటది. నీ దగ్గరి నుంచి ఆ వారం కబురు రాకున్నా నీ పేరు తప్పదు. "కృప ఎట్లున్నదో నాకు తెల్వదు ప్రభువా, నీకు తెలుసు" అని ముందుకు పోతది. లెఫ్ట్ జాయిన్ అంటే గంతే. పేర్లు ఎడమ దిక్కు, కబుర్లు కుడి దిక్కు, కబురు లేకుంటే ఖాళీ.

ఇప్పుడు "ఈ వారం కబురే కావాలె" అన్నమనుకో. ఆ షరతును కబురు ఎతికేటప్పుడే పెడితే, అంటే ఆన్‌ల పెడితే, నీ పేరుకు ఈ వారం కబురు దొరకదు, పక్కన ఖాళీ ఉంటది, పేరు మాత్రం ఉంటది. అదే షరతును అందరినీ జతచేసినంక గడప కాడ నిలబడి "ఈ వారం కబురు ఉన్నోళ్లే లోపటికి రావాలె" అని పెడితే అది వేర్. ఖాళీని పట్టుకొని నీది ఈ వారందేనా అంటే అది అవును అనదు, కాదు అని కూడ అనదు. వేర్ అవును అన్నోళ్లనే లోపటికి ఇడుస్తది. అందుకని లెఫ్ట్ జాయిన్ ఎంత కష్టపడి నిలబెట్టినా ఖాళీ చేతులోళ్లు గడప కాడనే ఆగిపోతరు. మొదటి రెండు రౌండ్లకు వచ్చి తర్వాత రానోళ్ల సంగతి ఇంకా అన్యాలం. వాళ్లకు పాత వరుసలు జతపడ్డయ్, ఇది నాలుగోది కాదు పో అని వేర్ వాళ్లనూ తీసేసింది.

మరి ఆ తొమ్మిది ఖాళీలు ఎక్కడియి అంటవా? వాళ్లు క్యాంపుకు వచ్చినోళ్లే. పేరు రాయించుకొని, ఎక్స్‌రే కాడ లైన్ ఉంటే ఇంటికి పోయినోళ్లు. వరుస ఉంది, రౌండు నంబరు ఉంది, ఎక్స్‌రే గడి ఒక్కటే ఖాళీ. ఆ తొమ్మిది ఉండబట్టే ఎవ్వరికీ అనుమానం రాలే. ఒక్క ఖాళీ కూడ లేకుండ వస్తే గౌరీబాయే నన్ను నిలదీసి అడిగేది.

ఆగమాగమై ఇంకో తప్పు చేసిన, అది కూడ రాస్త, నీకు పనికొస్తది. వేర్‌ల ఉన్నదంత తీసుకపోయి ఆన్‌ల పడేసిన. రౌండు నంబరు, మిర్యాలగూడ అన్న షరతు, పనిల ఉన్నోళ్లు అన్న షరతు, అన్నీ. ప్రింటర్ మొదలుపెట్టింది, ఆగదు. కోదాడ మిల్లులోళ్లు వచ్చిండ్రు, పని మానేసి హైదరాబాద్‌ల వాచ్‌మన్లుగ పోయినోళ్లు వచ్చిండ్రు, రెండేండ్ల కింద సచ్చిపోయినాయన కూడ వచ్చిండు, అందరి పక్కన ఖాళీలే. గౌరీబాయి ఆ కట్ట చూసి కుర్చీల కూలబడ్డది. "ఇంతమందికి నేను ఫోన్ చెయ్యాల్నా, నా నాలుక అరిగిపోతది" అన్నది. ఏడ్వలేక నవ్విన. ఎడమ దిక్కు టేబుల్ మీద పెట్టే షరతు ఆన్‌ల పెడితే ఎవ్వరినీ తీసెయ్యదు, ఊకె ఖాళీలు పుట్టిస్తది. అప్పుడు కాగితం మీద రాసుకొని తీరుబాటుగ చేసిన. ఎవరెవరిని లెక్కల పట్టాలె అన్నది ఎడమ టేబుల్ సంగతి, అది వేర్‌ల. వాళ్లకు ఏ రౌండు వివరం జతచెయ్యాలె అన్నది కుడి టేబుల్ సంగతి, అది ఆన్‌ల. ఆఖరుకు, జతపడనోళ్లే కావాలంటే కుడి దిక్కు నంబరు నల్, అంటే ఖాళీ, అయినోళ్లు అని వేర్‌ల అడగాలె. కుడి టేబుల్ గడి ఖాళీగ ఉన్నోళ్లను ఉంచుకోనీకి వేర్‌ల పెట్టేది అదొక్కటే అనుకో. నీ మేడంకు గిట్ల చెప్పు, నవ్వదు.

నలభై మూడు పేర్లు వచ్చినయ్. రిజిస్టర్ నంబర్ల వరుసలనే.

మొదటి పేరు పదకొండో నంబరు. సాయమ్మ.

ట్రస్టు పెట్టిన మొదటి వారం నేనే మిర్యాలగూడ పోయి మిల్లు గేటు కాడ బల్ల ఏసుకొని పేర్లు రాసిన, నీకు యాదుంటది. అమ్మ తోటి ఆడోళ్లందరినీ లైన్ల ముందు నిలబెట్టి తను పదకొండోది అయింది. రిజిస్టర్‌ల నా చేతులతో ఎక్కించిన పేరును లిస్టుల నుంచి నా చేతులతోనే తీసేసిన కృపా. మూడో రౌండుకు అమ్మ రాలే. నాలుగో రౌండుకు రాలే. ఏడాది సంది అమ్మకు ఎక్స్‌రే లేదు. నేనేమో లిస్టుల పేరు లేదని నీకు ధైర్యం చెప్పుకుంట కూసున్న. నెలకొకసారి మిర్యాలగూడ పోయి అమ్మ పక్కన కూసొని అన్నం తిన్నదాన్ని, "ఏందమ్మా దగ్గు" అంటే "ఊక దుమ్ము బిడ్డా" అంటే నమ్మినదాన్ని. కన్నతల్లిని అడిగే బదులు కంప్యూటర్‌ను అడిగిన.

గౌరీబాయి నలభై రెండు పేర్లు తీసుకున్నది. ఒకటి నేను తీసుకున్న. నా ఫోన్ల కాదు, ఆఫీసు ఫోన్ల చేసిన. ఎందుకో అట్ల చెయ్యాలనిపించింది.

"సాయమ్మ గారేనా అండి? ట్రస్టు నుంచి మాట్లాడుతున్న. మీరు రెండుసార్లు పరీక్షకు రాలేదు" అన్న. అటు దిక్కు మిల్లు చప్పుడు.

"రాణీ, నువ్వేనానే?" అన్నది అమ్మ.

ఎందుకు రాలేదమ్మా అన్న. చానసేపు దగ్గింది. పక్కకు పోయినట్టుంది, చప్పుడు తగ్గింది.

"ఫోన్ వస్తదేమో అని సూసిన బిడ్డా. రానోళ్లకు మీరు చేస్తరు గద. రాకపాయె. నాకు అక్కరలేదేమో, బాగనే ఉన్ననేమో అనుకున్న" అన్నది.

ఫోన్ పెట్టేసి బాత్రూంల పోయి ఏడ్చిన, గౌరీబాయి వచ్చి తలుపు కొట్టేదాక.

తర్వాత బస్సుల అమ్మను తోలుకొస్తుంటే తెలిసింది సంగతంత. మూడో రౌండుల అమ్మ పోయిన రోజు టోకెన్లు నలభైయే ఇచ్చిండ్రట. అమ్మకు ఆఖరిది దొరికింది. ఎనుక రంగి ఉందట, తవుడు జల్లించేటామె, దగ్గి దగ్గి వంగిపోతుంటే అమ్మ తన టోకెన్ ఆమెకిచ్చి, నాకు ఫోన్ వస్తది, నువ్వు పో అన్నదట. నాలుగోసారి వానకాలం వడ్లు ఒక్కసారి వచ్చి పడ్డయ్, లారీలు రోడ్డు దాక నిలబడ్డయ్, మేస్త్రీ సెలవియ్యలే. ఫోన్ వస్తే ఆ ఫోన్ చూపించి అడుగుదాం అనుకున్నదట. ఇవన్నీ కోపంతోటి చెప్పలే కృపా, కిటికీల నుంచి కాలువ చూసుకుంట చెప్పింది. "బిడ్డ పనిచేసే ఆఫీసాయె, నన్ను మర్సిపోతరా అనుకున్న" అన్నది. కొట్టినా ఇంత నొప్పి ఉండకపోవు.

ఇప్పుడు గట్టిగ ఊపిరి పీల్చుకొని సదువు. ఎక్స్‌రేల కుడి దిక్కు మచ్చ ఉంది. తెమడ పరీక్షల టీబీ అని వచ్చింది. నవంబర్ ఇరవై నాలుగు నుంచి గోలీలు మొదలుపెట్టిండ్రు. ఆరు నెలలు ఒక్క రోజు తప్పకుండ మింగాలె, మింగితే పూర్తిగ తగ్గుతది అని డాక్టరమ్మ ఒకటికి రెండుసార్లు చెప్పింది. ఇంకో నాలుగు నెలలు ఆగుంటే వేరే మాట చెప్పేదాన్ని అని కూడ అన్నది. అమ్మను మిల్లు మాన్పించి మా ఇంటికి తెచ్చుకున్నం. ముందు అర్ర ఇచ్చినం, కిటికీలు తెరిచే ఉంచుతున్నం. గోలీలు మింగినంక కడుపుల తిప్పుతుందని మొదటి వారం ఏం తినలే. అందుకే ఇడ్లీల ముచ్చట అంత పెద్దగ రాసిన.

మిగిలిన నలభై రెండు మందిల నలభై ఒక్కరు దొరికిండ్రు. ఇద్దరికి మందులు మొదలైనయ్, ఎక్కువమందికి ఏం లేదు. చివ్వెంల దిక్కు తండాల మోతీబాయి అని ఒకామె ఉంది, ఫోన్ మూగబోయింది, గౌరీబాయి రెండుసార్లు పోయొచ్చింది, ఇల్లు తాళం ఉంది. ఆ ఒక్క గడి ఇంకా ఖాళీనే. రేపు మళ్ల పోతది, ఈసారి నేనూ పోతున్న. సారుకు నేనే పోయి చెప్పిన, తప్పు నాది, రెండు రౌండ్ల సంది అని. తర్వాత రాసియ్యమన్నడు, రాసిచ్చిన. నౌకరి తియ్యలే. ఇప్పుడు లిస్టు తీసినప్పుడల్ల రిజిస్టర్‌ల ఎంతమంది, లిస్టుల ఎంతమంది అని ఇంకొకరు చూసి సంతకం పెట్టాలె. ఆ మాట చెప్పింది కూడ నేనే. నువ్వు కూడ జాయిన్ పెట్టకముందు ఒకసారి, పెట్టినంక ఒకసారి మనుషులను లెక్కపెట్టుకో. నాకు ఎవరూ చెప్పలే, నీకు నేను చెప్తున్న.

ఇగ నేను ఇన్ని రోజులు దాచిపెట్టింది చెప్త. ఇదంత అయి పది రోజులు దాటింది, నీకు చెప్పలే. అమ్మ ఒట్టు పెట్టించుకున్నది. పిల్లకు పరీక్షలున్నయ్, తెలిస్తే సదువు ఇడిచిపెట్టి ఉరికొస్తది, వద్దు అన్నది. నాకూ అదే మంచిగనిపించింది. నిజం చెప్పాల్నంటే నీ ముందు తలెత్తలేక అట్ల అనిపించింది. రెండుసార్లు అడిగినవ్, నేను ఒకసారి లిస్టు చూపించిన, ఒకసారి అసలు జవాబే ఇయ్యలే. చెల్లె నన్ను పెద్దదనుకుంటుంది గద అని భయపడ్డ. మొన్న గౌరీబాయి అడిగింది, ఇంట్ల అందరికీ పరీక్షలు అయినయా అని. నాకు, మీ బావకు అయినయ్, ఏం లేదు అన్న. మరి నీ చెల్లె అన్నది. పరీక్షలున్నయి, అమ్మ వద్దన్నది అని నసిగిన. నా మొకం చూసి, "ఆ పిల్లను కూడ లిస్టుల నుంచి తీసేస్తున్నవా రాణీ" అన్నది. తల కొట్టేసినట్టయింది. దసరా సెలవులల్ల పది రోజులు నువ్వు అమ్మ పక్కనే పండుకున్నవ్, ఒకటే దుప్పట్ల.

అందుకని శనివారం పొద్దున పదింటికి మీ బావ గేటు కాడ ఉంటడు. మీ హాస్టల్ మేడంకు ఆయన వేరే చీటి ఇస్తడు, ఔట్‌పాస్ ఇస్తది. సూర్యాపేట దవాఖానల ఎక్స్‌రే తీస్తరు, రెండు మాటలు అడుగుతరు, అక్కరుంటే ముందు జాగ్రత్త గోలీలు ఇస్తరు. నొప్పి ఉండదు. దగ్గు ఉంటే లేదని అబద్ధం చెప్పకు, అమ్మ లెక్క చెయ్యకు. మీ బావ నీకు చెప్పమన్నది ఇది, ఆయన మాటల్లోనే రాస్తున్న: "మరదలికి చెప్పు, నేను పక్కనే ఉంటాను, భయపడొద్దు, అయిపోయాక మిర్చి బజ్జీ తినిపిస్తాను." ఇయన్ని ఇప్పుడు ఎందుకు బయటపెట్టిన అంటవా, అది కూడ చెప్త.

గౌరీబాయి అట్ల అన్న సాయంత్రం ఇంటికి వచ్చి ఒక కాగితం మీద నాలుగు పేర్లు రాసి వంటింటి గోడకు అంటించిన. సాయమ్మ, రాణి, మహేందర్, కృప. పరీక్ష అయినోళ్ల పక్కన తేదీ రాసిన. అమ్మకు సదువు రాదు గద, గోలీలు మింగుకుంట దాన్నే చూస్తుంది. మూడు వరుసలల్ల ఏదో రాసి ఉంది, నాలుగో దాంట్ల లేదు, అది మాత్రం తెలిసింది.

"గా ఖాళీ ఎవలది?" అన్నది.

కృపది అన్న. ఒట్టు సంగతి నేను ఎత్తలే, అమ్మా ఎత్తలే. గ్లాసుల నీళ్లన్నీ తాగింది. గోడ దిక్కే చూసుకుంట కూసున్నది.

"ఖాళీ ఉన్నోళ్లకు ఫోన్ చెయ్యాలె గద" అన్నది. "చెయ్యి మరి."

ఇదే నీకు ఆ ఫోన్ అనుకొని రా.

ఇట్లు,
నిన్ను లిస్టుల రాసుకొని ఎదురుచూసే నీ అక్క,
రాణి.